ఇల్లు ఆవిడ పేర, పన్ను ఆయన పేర

ఏ ఆఫీసు కాంటీన్లో అయినా సరే, జనవరి నుంచి మార్చి దాకా ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది. "అద్దెకిచ్చిన ఫ్లాటు మీ ఆవిడ పేర రాసెయ్యండి గురూ, అద్దె మీద పన్ను ఉండదు, రేపు అమ్మినా గెయిన్సు ఉండవు." చెప్పేవాడు ఎంత నమ్మకంగా చెప్తాడంటే, వినేవాడు శనివారం పొద్దున్నే డాక్యుమెంట్ రైటరు దగ్గరికి వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఈ సలహాలో నిజం పాతిక పాళ్ళు, అబద్ధం ముప్పాతిక పాళ్ళు. చిక్కేమిటంటే ఆ పాతిక పాళ్ళ నిజమే ముందు కనిపిస్తుంది.

నేను చార్టర్డ్ అకౌంటెంటుని కాను. రోజంతా కోడు రాసుకుని బతికేవాణ్ణి. అయినా పన్ను చట్టం చదువుతుంటే నాకు ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన పాత కోడు చదువుతున్నట్టే ఉంటుంది. ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్, చివర్లో ఒక మినహాయింపు, ఆ మినహాయింపుకి మళ్ళీ ఒక మినహాయింపు. ఓపిగ్గా చదివితే లాజిక్కు దొరుకుతుంది. దొరికాక "ఇది బగ్గా, ఫీచరా?" అన్న అనుమానం మొదలవుతుంది. ఈ భార్యాభర్తల మధ్య ఇల్లు మార్చుకునే వ్యవహారం సరిగ్గా అలాంటిదే.

ముందు సంగతేమిటో చూద్దాం, నా గొడవ తర్వాత.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో ఒకాయన 2009-10లో 30 లక్షలు పెట్టి ఒక ఫ్లాటు కొన్నాడు. ఇప్పుడది కోటి రూపాయలు పలుకుతోంది. నెలకి 30 వేలు అద్దె వస్తోంది. ఆయన 30 శాతం శ్లాబులో ఉన్నాడు. ఆవిడ ఇంటి పట్టునే ఉంటుంది, సొంత ఆదాయం లేదు. లోను తీరిపోయింది.

అద్దె ఏడాదికి 3 లక్షల 60 వేలు. అందులో మరమ్మతుల పేరు చెప్పి చట్టం ఇచ్చే 30 శాతం తీసేస్తే 2 లక్షల 52 వేలు. మునిసిపల్ పన్ను కూడా తియ్యొచ్చు గానీ లెక్క తేలికగా ఉండాలని వదిలేద్దాం. దాని మీద సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 78,624 రూపాయలు. అదే అద్దె ఆవిడ ఆదాయం అయ్యుంటే? 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి, పన్ను సున్నా. ఏడాదికి డెబ్బై ఎనిమిది వేల చిల్లర మిగిలేటట్టు కనిపిస్తే ఎవరికైనా నోరూరుతుంది కదా! కాంటీను సలహాకి బలం అక్కణ్ణుంచే వస్తుంది.

ఇక్కడ నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఇల్లు చేతులు మారినప్పుడు కాపిటల్ గెయిన్సు పడుతుందా? మారాక వచ్చే అద్దె ఎవరిది? రేపు అమ్మితే వచ్చే లాభం ఎవరిది? మనవాళ్ళు మొదటి ప్రశ్నకి జవాబు తెలుసుకుని, అదే జవాబు మిగతా రెండిటికీ కాపీ పేస్టు చేసేస్తారు.

మొదటి ప్రశ్న. భార్యకి ఇల్లు దానంగా రాసిస్తే, అంటే గిఫ్టు డీడో సెటిల్‌మెంటు డీడో చేస్తే, కాపిటల్ గెయిన్సు ఉండదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 47వ సెక్షను దానాన్ని అసలు 'బదిలీ' కిందే లెక్కెయ్యదు. పుచ్చుకున్న ఆవిడకీ పన్ను లేదు, ఎందుకంటే 56వ సెక్షనులో భార్యాభర్తలు 'బంధువులు'. దానం మీద విడిగా ఉండే గిఫ్టు టాక్సు 1998 అక్టోబరులోనే పోయింది. ఇదే ఆ పాతిక పాళ్ళ నిజం. (2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1తో పాత చట్టం స్థానంలోకి వస్తుంది. అందులో సెక్షన్ల అంకెలు మారాయి గానీ, ఈ విషయంలో సారం మారలేదు. అందరికీ అలవాటైన పాత అంకెలే నేనూ వాడుతున్నాను.)

అయితే పన్ను లేదంటే మాఫీ అయిందని కాదు, వాయిదా పడిందని. 49వ సెక్షను ప్రకారం ఆవిడకి ఆ ఇంటి ఖరీదు సున్నా కాదు, కోటీ కాదు. ఆయన కొన్న 30 లక్షలే. ఎన్నేళ్ళు దగ్గర పెట్టుకున్నారన్న లెక్కలో కూడా ఆయన ఏళ్ళు కలుస్తాయి. ద్రవ్యోల్బణం సూచీ ఏ ఏడాది నుంచి లెక్కెయ్యాలన్న దాని మీద ఆదాయపు పన్ను శాఖ కొన్నాళ్ళు పేచీ పెట్టింది, దానం అందిన ఏడాది నుంచే లెక్కెయ్యాలని. 2011లో బొంబాయి హైకోర్టు మంజులా షా కేసులో అది కుదరదని, మొదటి యజమాని కొన్న ఏడాది నుంచే లెక్కెయ్యాలని తేల్చింది. మన భాషలో చెప్పాలంటే ఆబ్జెక్టు కాపీ అవలేదు, రిఫరెన్సు మాత్రమే మారింది. లోపల ఉన్న పాత విలువలన్నీ అలాగే ఉన్నాయి.

రెండో ప్రశ్న, అద్దె. ఇక్కడే కాంటీను సలహా బోర్లా పడుతుంది. తగిన ప్రతిఫలం లేకుండా భార్యకి (లేదా భర్తకి) ఇల్లు రాసిస్తే, అద్దె ఆదాయం మట్టుకు రాసిచ్చిన మనిషే ఆ ఇంటికి 'యజమాని అనుకోబడతాడు' అంటుంది 27వ సెక్షను. రిజిస్ట్రేషను ఆఫీసులో యజమాని ఆవిడ. మునిసిపాలిటీ రికార్డులో ఆవిడ. కరెంటు బిల్లులో ఆవిడ. అద్దెకున్నవాళ్ళు డబ్బులు వేసేది ఆవిడ ఖాతాలో. పన్ను కట్టాల్సింది మాత్రం ఆయన! "ప్రేమాభిమానాలు కూడా ప్రతిఫలమే కదండీ, డీడులో అలాగే రాశాం" అంటారు కొందరు. ప్రేమ మంచి ప్రతిఫలమే గానీ, పన్ను లెక్కకి 'తగిన' ప్రతిఫలం కాదని కోర్టులు ఎప్పుడో తేల్చేశాయి.

మూడో ప్రశ్న, రేపు అమ్మకం. ఆవిడ ఆ ఫ్లాటుని 2025-26లో కోటికి అమ్మిందనుకోండి. 2024 జులై 23 తర్వాత స్థిరాస్తి మీద దీర్ఘకాల లాభానికి సూచీ లేకుండా 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందు కొన్న ఇళ్ళకీ స్థలాలకీ, రెసిడెంటు వ్యక్తులైతే, సూచీతో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. మన ఉదాహరణలో మొదటి పద్ధతిలో లాభం 70 లక్షలు, పన్ను 8.75 లక్షలు. రెండో పద్ధతిలో సూచీ 2009-10కి 148, 2025-26కి 376. అంటే 30 లక్షల ఖరీదు 76.22 లక్షలవుతుంది, లాభం 23.78 లక్షలు, పన్ను 4.76 లక్షలు. సెస్సు కలిపితే 4.95 లక్షలు. రెండో పద్ధతే నయం. ఈ పన్ను ఎవరు కట్టాలి? 64వ సెక్షను ప్రకారం ఆవిడకొచ్చిన లాభాన్ని ఆయన ఆదాయంలో కలుపుతారు. దీన్నే క్లబ్బింగు అంటారు. ఆవిడకి వేరే ఆదాయం లేదు కాబట్టి కనీస మినహాయింపు మేరకి కాస్త తగ్గాల్సింది, క్లబ్బింగు దాన్నీ మింగేస్తుంది.

"దానం వద్దులెండి, అమ్మేస్తా" అంటారా? అదీ చూద్దాం. నిజంగా కోటి రూపాయలు తీసుకుని భార్యకి అమ్మితే, అది తగిన ప్రతిఫలమే. తర్వాత వచ్చే అద్దె ఆవిడదే, లాభమూ ఆవిడదే. కానీ ఇప్పుడు ఆయనకి గెయిన్సు పన్ను 4.95 లక్షలు పడుతుంది. ఆ పైన క్రయ దస్తావేజు ఖర్చు. తెలంగాణలో 2021 జులైలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషను ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం చేశారు. ప్రభుత్వ విలువ కూడా కోటే అనుకుంటే ఆ లెక్కన 7.5 లక్షలు. మొత్తం 12.45 లక్షలు. ఏడాదికి మిగిలేది 78,624. అంటే పెట్టిన ఖర్చు వెనక్కి రావడానికి దాదాపు పదహారేళ్ళు! ఆవిడకి ఇంటి ఖరీదు ఇక కోటి కింద లెక్కకొస్తుంది కాబట్టి, ముందు ముందు అమ్మితే గెయిన్సు కొంత తగ్గుతుంది, అది నిజమే. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. సొంత ఆదాయం లేని ఆవిడకి కోటి రూపాయలు ఎక్కణ్ణుంచొచ్చాయి? ఆయనే ఇస్తే కథ మళ్ళీ మొదటికే వచ్చింది, ఎందుకంటే 64వ సెక్షనులో 'నేరుగా గానీ, చుట్టూ తిప్పి గానీ' అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఇంకో విశేషం. అమ్మకం 50 లక్షలు, ఆపైన అయితే, భర్తకిచ్చే డబ్బులోంచి భార్య 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మొగుడూ పెళ్ళాలు కదా అని దానికి మినహాయింపేమీ లేదు.

కాబట్టి తేలిందేమిటి? పన్ను తగ్గించుకోవడానికే అయితే, ఉన్న ఇల్లు భార్య పేర మార్చడం దండగ. ఇది సమాచారం. ఇక్కణ్ణుంచి నా అభిప్రాయం.

పైన చెప్పిన క్లబ్బింగు నియమానికి మినహాయింపులు వెతుక్కుంటూ పోతే రెండు దొరికాయి. మొదటిది, పెళ్ళికి ముందు ఇచ్చిన ఆస్తి. 1963లో సుప్రీం కోర్టు ఫిలిప్ జాన్ ప్లాస్కెట్ థామస్ కేసులో, పెళ్ళికి కొన్ని రోజుల ముందు కాబోయే భార్యకి ఇచ్చిన షేర్ల మీద డివిడెండుని ఆయన ఆదాయంలో కలపకూడదని చెప్పింది. ఇచ్చిన రోజున ఆవిడ భార్య కాదు కాబట్టి. రెండోది, విడిగా బతకడానికి చేసుకున్న ఒప్పందం కింద ఇచ్చిన ఆస్తి. దీన్ని సెక్షన్లలోనే మినహాయించారు.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పెళ్ళికి ముందు ఇస్తే అది ఆవిడ ఆస్తి. విడిపోతూ ఇస్తే అది ఆవిడ ఆస్తి. మధ్యలో, కలిసి కాపురం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ, మనస్ఫూర్తిగా ఇస్తే మాత్రం పన్ను శాఖ దృష్టిలో అది ఇంకా ఆయనదే! అంటే చట్టం భార్యని ఒక సొంత మనిషిగా గుర్తించేది భార్య కాకముందో, భార్యగా ఉండటం మానేటప్పుడో. ఏ ప్రోగ్రామరైనా కోడు రివ్యూలో ఇలాంటి కండిషను చూస్తే "ఎవరయ్యా ఇది రాసింది?" అని అడగడూ?

రాసింది ఇప్పటివాళ్ళు కాదు. ఆదాయపు పన్ను మీద వేసిన విచారణ సంఘం 1936లో ఇచ్చిన నివేదిక తర్వాత, 1937లో అప్పటి 1922 చట్టానికి ఈ నియమాన్ని చేర్చారు. భార్యల పేర, పిల్లల పేర ఆదాయాన్ని ముక్కలు చేసి పన్ను ఎగ్గొడుతున్నారన్నది కారణం. 1961లో బాలాజీ కేసులో సుప్రీం కోర్టు కూడా, ఎగవేతని ఆపడానికి ఇలాంటి నియమం పెట్టొచ్చని సమర్థించింది. ఆ రోజుల పరిస్థితిలో దాన్ని తప్పు పట్టలేం. ఆస్తి కాగితం మీద ఆవిడ పేరుండేది, పెత్తనం ఆయనది, ఆవిడకి ఆ కాగితం సంగతే తెలిసేది కాదు.

కానీ ఆ తర్వాత చాలా జరిగింది కదండీ. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీకి వచ్చిన ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఇచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, దేశం కంటే రెండు దశాబ్దాల ముందే, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. ఇందిరమ్మ ఇళ్ళు ఆడవాళ్ళ పేరున మంజూరు చేస్తున్నారు. 2020లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన ఇళ్ళ పట్టాలూ ఆడవాళ్ళ పేరు మీదే. ఢిల్లీలో ఆడవాళ్ళ పేర కొంటే స్టాంపు డ్యూటీ మగవాళ్ళకంటే తక్కువ. మహారాష్ట్రలో నివాస గృహాన్ని భార్యకి దానమిస్తే స్టాంపు డ్యూటీ 200 రూపాయలు. రాష్ట్రాలన్నీ "ఆవిడ పేర పెట్టండి" అని బతిమాలుతుంటే, కేంద్రం పన్ను చట్టం "ఎవరి పేర పెట్టినా మాకు ఆయనే కనిపిస్తాడు" అంటోంది.

బయటి దేశాల్లో ఎలా ఉందో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో 1984లో వచ్చిన 1041వ సెక్షను ప్రకారం, భార్యాభర్తల మధ్య ఇల్లు చేతులు మారితే లాభనష్టాలు లెక్కకి రావు. పాత ఖరీదే, అద్దె ఇల్లయితే తీసుకున్న డిప్రిసియేషనుతో సహా, కొత్త యజమానికి వెళ్తుంది. అంతవరకూ మనలాగే. కానీ అక్కడ భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వెయ్యొచ్చు. కలిసి వేసినప్పుడు అద్దె ఎవరిదన్న పేచీయే పుట్టదు. అంటే వాళ్ళ లెక్కలో కుటుంబం ఒక యూనిట్.

బ్రిటను దీనికి తిరగేసి. 1990 ఏప్రిల్ దాకా అక్కడ భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో కలిపేవారు. ఆ ఏడాది నుంచి ఎవరి పన్ను వాళ్ళదే. కలిసి ఉంటున్న దంపతుల మధ్య ఇల్లు చేతులు మారితే లాభం లేదు, నష్టం లేదు అన్న పద్ధతిలో పాత ఖరీదుకే వెళ్తుంది. ఆ తర్వాత? అద్దె ఆవిడదే, పన్ను ఆవిడదే, అమ్మితే గెయిన్సూ ఆవిడవే. షరతు ఒక్కటే. ఇచ్చింది పూర్తిగా ఇచ్చెయ్యాలి, ఆస్తి తన దగ్గర పెట్టుకుని ఆదాయం మాత్రం ఆవిడ పేర చూపిస్తే కుదరదు. 2023 ఏప్రిల్ నుంచి విడిపోయే దంపతులకి కూడా, విడిపోయిన పన్ను సంవత్సరం ముగిశాక మూడేళ్ళ దాకా ఈ సదుపాయం పొడిగించారు.

అమెరికా పద్ధతికి ఒక తర్కం ఉంది, బ్రిటను పద్ధతికి ఇంకో తర్కం ఉంది. మనది రెండిటిలోనూ చేదు ముక్కలు ఏరుకుంది. కలిసి రిటర్ను వేస్తామంటే "కుదరదు, మీరిద్దరూ వేరు వేరు మనుషులు" అంటుంది. సరే వేరు వేరు మనుషులమే, ఇచ్చిన ఇల్లు ఆవిడదే అంటే "అబ్బే, మీరిద్దరూ ఒకటే" అంటుంది. ఏదో ఒక్క మాట మీద నిలబడమనండి! 2025 బడ్జెట్‌కి ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూటు కూడా దంపతులు కోరుకుంటే ఉమ్మడి రిటర్ను వేసుకునే వీలు కల్పించమని సూచించింది. ఆ బడ్జెట్‌లో అది రాలేదు.

దీనికి ఎదురువాదన ఏమిటో నాకు తెలుసు. "క్లబ్బింగు తీసేస్తే బాగుపడేది ఎవరు? రెండో ఇల్లు, మూడో ఇల్లు ఉన్నవాళ్ళే కదా. ఉన్నదంతా ఆవిడ పేర రాసేసి పన్ను ఎగ్గొడతారు." ఇందులో నిజం ఉంది, కాదనను. అద్దె ఇల్లు ఉన్నవాడు ఈ దేశంలో పేదవాడు కాదు. ఇప్పుడు 12 లక్షల రిబేటు వచ్చాక ఆశ ఇంకా పెరుగుతుంది కూడా.

కానీ రెండు సంగతులు ఆలోచించండి. రిజిస్టరైన దానపత్రం ఆటబొమ్మ కాదు. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులతో రిజిస్టరు చేసి, పుచ్చుకున్న మనిషి ఒప్పుకున్నాక, ఇచ్చినవాడు మనసు మారిందని వెనక్కి తీసుకోలేడు. ఆవిడ ఆ ఇంటిని అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, తమ్ముడికి వీలునామా రాసుకోవచ్చు. ఏడాదికి డెబ్బై ఎనిమిది వేల కోసం కోటి రూపాయల ఆస్తి మీద పెత్తనం వదులుకోవడానికి సిద్ధపడే మగాళ్ళు మన దగ్గర ఎంతమంది ఉంటారు? సిద్ధపడితే అంతకంటే కావలసిందేముంది? నిజంగా ఇచ్చాడా, నాటకమా అన్నది చూడాలంటే బ్రిటనులాగా 'పూర్తిగా ఇచ్చాడా' అన్న పరీక్ష పెట్టుకోవచ్చు. అందరినీ ముందే దొంగల కింద జమకట్టనక్కర్లేదు.

రెండోది, ఇప్పుడున్న నియమం ఎవరి మీద బరువు పడుతుందో చూడండి. బాగా డబ్బున్నవాళ్ళకి ట్రస్టులూ, కంపెనీలూ, సలహాదారులూ ఉంటారు. ఒక్క ఫ్లాటు ఉన్న ఉద్యోగస్తుడే దొరికిపోతాడు. పైగా 65వ సెక్షను ఒకటుంది. ఆయన ఆదాయంలో కలిపిన ఆ అద్దె తాలూకు పన్ను ఆయన కట్టకపోతే, నోటీసు ఇచ్చి ఆవిడ దగ్గర వసూలు చేసుకోవచ్చు! లెక్కకి ఆవిడ యజమాని కాదు, బాకీకి మాత్రం యజమాని. బావుందా?

నా మాట ఇది. ఇవ్వాల్సింది రెండిటిలో ఒకటి. కావాలనుకున్న దంపతులకి ఉమ్మడి రిటర్ను ఇవ్వండి. లేదా, నివాస గృహం ఒక్కటైనా, పూర్తి హక్కులతో రిజిస్టరు చేసి భార్యకో భర్తకో ఇచ్చేస్తే దాన్ని క్లబ్బింగు నుంచి మినహాయించండి. ఒక్క ఇల్లు అని హద్దు పెడితే పెద్దవాళ్ళు ఎగ్గొడతారన్న భయమూ ఉండదు.

సరే, చట్టం మారేదెప్పుడో. ఈలోగా మనం చెయ్యగలిగింది ఏమిటి?

కొనబోయేవాళ్ళయితే మొదట్లోనే ఇద్దరి పేరునా కొనండి, ఎవరి డబ్బు ఎంతో దస్తావేజులోనూ బ్యాంకు ఖాతాలోనూ స్పష్టంగా కనిపించేలా. ఆవిడ జీతం, ఆవిడ పొదుపు, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అమ్మిన డబ్బు, ఇవన్నీ ఆవిడ సొంతం. పుట్టింటివాళ్ళిచ్చినదానికి క్లబ్బింగు లేదు. ఆ వాటా మేరకి వచ్చే అద్దె, లాభం నిజంగా ఆవిడవే. చాలా ఇళ్ళల్లో ఆవిడ డబ్బు ఇంటి ఖర్చుల్లో కరిగిపోతుంది, ఆయన జీతం ఈఎంఐకి వెళ్తుంది. పదిహేనేళ్ళయ్యాక చూస్తే ఇల్లు ఆయనది, ఆవిడది కిరాణా బిల్లు. అది తిరగేసినా, సగం సగం చేసుకున్నా పన్ను పరంగానూ మంచిదే, న్యాయమూ అదే.

ఇప్పటికే దానం చేసినవాళ్ళయితే అద్దెని ఆవిడ ఖాతాలోకే రానివ్వండి. అద్దె మీద పన్ను ఆయన కట్టినా, ఆ అద్దె డబ్బుని ఆవిడ దాచుకుని ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేసుకుంటే దాని మీద వడ్డీ ఆవిడదే. ఆదాయం మీద వచ్చే ఆదాయాన్ని క్లబ్బు చెయ్యరు. రిటర్నులో క్లబ్బింగు ఆదాయం చూపించడానికి విడిగా ఒక షెడ్యూలుంది, అందులో చూపించండి. ఆవిడ పాన్ నంబరు మీద అద్దె కనిపిస్తూ ఆయన రిటర్నులో లేకపోతే పట్టుకోవడం ఇప్పుడు కంప్యూటరుకి క్షణం పని. లోను ఉంటే బ్యాంకుని అడక్కుండా దస్తావేజు చెయ్యకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త. ఎన్నారైలకి ఆ 20 శాతం సూచీ లెక్క దొరకదు, 12.5 శాతమే. అక్కడే స్థిరపడినవాళ్ళు ఇండియాలోని ఇల్లు భార్య పేర రాస్తే అక్కడి గిఫ్టు టాక్సు లెక్క కూడా చూసుకోవాలి. ఆవిడ అమెరికా పౌరురాలు కాకపోతే దంపతుల మధ్య దానానికి హద్దు ఉంది, 2025కి అది లక్షా 90 వేల డాలర్లు. ఆవిడ అక్కడి పన్ను లెక్కలో నాన్ రెసిడెంటు అయితే పైన చెప్పిన 1041వ సెక్షనూ వర్తించదు. ఇవి కాంటీనులో తేల్చుకునే విషయాలు కావు, రెండు దేశాల లెక్కలూ తెలిసినవాళ్ళని అడగండి.

చివరిగా ఒక్క మాట. పన్ను మిగలదని తెలిసింది కదా అని, ఆవిడ పేర రాసే ఆలోచనే మానుకోకండి. పన్ను చట్టం ఒక్కటే ఆ దానాన్ని చూడనట్టు నటిస్తుంది, మిగతా చట్టాలన్నీ చూస్తాయి. వీలునామా లేకుండా ఆయన పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు భార్యకీ, పిల్లలకీ, బతికుంటే ఆయన తల్లికీ సమాన వాటాలవుతుంది. అరవై ఏళ్ళ వయసులో ఆవిడ తన ఇంట్లో తాను ఉండటానికి నలుగురి సంతకాలు అడుక్కోవాలి. అప్పటికే ఆవిడ పేర రిజిస్టరయ్యుంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఆయన తర్వాత ఆ అద్దెని క్లబ్బు చెయ్యడానికి కూడా ఎవరూ ఉండరు. ఏటా ఆ డెబ్బై ఎనిమిది వేలు ఆయనే కడుతూ, ఇల్లు మాత్రం ఆవిడ పేరన ఉంచితే, అది నష్టపు బేరమని నేననుకోను. ఏ ఇన్సూరెన్సు కంపెనీ అయినా అంతకంటే తక్కువ ప్రీమియానికి అంత భరోసా ఇస్తుందా?